చప్పుడు లేని ఏడు నిమిషాలు

మా అక్క తన జీవితంలో మనుషుల్ని కొట్టింది రెండుసార్లే. రెండుసార్లూ ఎముక విరిగింది.

మొదటిసారి మా నాన్నది, మెడ కింది ఎముక. అప్పుడామెకు పదిహేనేళ్లు. రెండోసారి ఆమె పనిచేసే ఫ్యాక్టరీ మేనేజరుది, కుడి మణికట్టు. అప్పటికి నలభై ఒకటి. ఈ రెండింటి మధ్యా ఆమె నోటివెంట వచ్చిన మాటలకు లెక్కలేదు గానీ, చెయ్యి మాత్రం ఎవరి మీదా లేవలేదు. ఆమె పోయి ఆరు వారాలయింది. బస్సు కోసం నిలబడ్డ చోటే తలలో నరం చిట్లి పడిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్లంతా "ఎంత నెమ్మదైన మనిషి" అని వెళ్తున్నారు. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి అబద్ధాలు చెప్పడం మర్యాదే కావచ్చు. కానీ అంత గట్టి మనిషిని అలా మెత్తగా చేసి సాగనంపడం నాకు మనసొప్పడం లేదు.

అక్క పని మెషీన్లకు ప్రోగ్రాములు ఎక్కించడం. మా ఫ్యాక్టరీలో ఇనప రేకుల్ని తలుపులుగా, పెట్టెలుగా వంచే ప్రెస్సులు ఇరవై రెండు ఉండేవి. ప్రతి ప్రెస్సుకీ ఒక చిన్న కంప్యూటరు, అరచేతి వెడల్పు స్క్రీను. కొత్త ప్రోగ్రాములు ప్యాకేజీలుగా వచ్చేవి. ఒక ప్యాకేజీ రావాలంటే ఇంకో నాలుగు కావాలి, ఆ నాలుగింటికీ మరో పది. వాటిని వరసగా తెచ్చి, పాతవి తీసి, కొత్తవి అమర్చే పనిముట్టు మా అక్క రాసింది. నేను అదే ఫ్యాక్టరీ స్టోర్సులో బోల్టులూ బేరింగులూ ఇచ్చే ఉద్యోగంలో ఉన్నాను. అందుకని ఇదంతా వినికిడి కాదు, చాలావరకు కళ్లారా చూసిందే.

మొదట్లో ఆ పనిముట్టు చేసే ప్రతి పనినీ స్క్రీను మీద చెప్పేది. ఈ ఫైలు తెస్తున్నాను, తెచ్చాను, విప్పుతున్నాను, విప్పాను, సరిచూస్తున్నాను. ఒక్కో అప్‌డేటుకి నాలుగు వేల వరసలు, నీళ్లలా కారిపోయేవి. షాపులో దానికి వాగుడుకాయ అని పేరు పెట్టారు.

ఆ పేరు పెట్టింది పెద్ద ప్రెస్సు ఆపరేటరు. ఆయన భార్య మా ఫోర్‌మన్‌కి చెల్లెలు. ఫోర్‌మన్ ఆయన్ని బావా అని పిలవడం మొదలై, చివరికి షాపు మొత్తానికీ ఆయన బావే అయిపోయాడు. అక్కని ఆయన మరదలా అనేవాడు.

"ఏం మరదలా, ఈ మెషీను నోరు మూయించే మందేమీ లేదా? మా ఆవిడే నయం, మధ్యలో ఊపిరైనా తీసుకుంటుంది."

"అది ఏం చేస్తోందో మీకు తెలియొద్దా బావా?"

"తెలియాలి. అన్నం ఉడికిందా అని అడిగితే ఉడికిందనో లేదనో చెప్పాలి గానీ, గింజలన్నీ లెక్కపెట్టి చెప్తారా ఎవరైనా?"

అక్క నవ్వి ఊరుకుంది. కానీ నెల తిరక్కుండానే తొమ్మిదో ప్రెస్సులో రేకుకి ఆకారమిచ్చే ఉక్కు అచ్చు పగిలింది. అరచేతంత ఉక్కు పెంకు ఎగిరి వచ్చి పక్కనున్న ఫిట్టరు దవడ చీల్చుకుపోయింది. నేను స్టోర్సు కిటికీలోంచి చూసేసరికి ఆ మనిషి చెంప తలుపులా తెరుచుకుని ఉంది, లోపలి పళ్లు కనపడుతున్నాయి. అతను అరవలేదు. నేల మీద పడ్డ తన పళ్లను ఏరుకుంటున్నాడు.

ముందురోజు అప్‌డేటులో ఒక ప్యాకేజీ సరిగా ఎక్కలేదు. ఒత్తిడి పరిమితి మారలేదు. ఆ సంగతి మెషీను చెప్పింది. నాలుగు వేల వరసల్లో రెండువేల ఏడొందల పదహారోది. అక్క దాన్ని కాగితాల మీద అచ్చు తీసి, ఎర్ర పెన్నుతో ఆ వరసని వెతకడానికే నలభై నిమిషాలు పట్టింది. ఆ కాగితాల కట్టని నేలకేసి కొట్టింది.

"ఇంత చెప్పడం కూడా దాచడమే రా తమ్ముడూ," అంది.

వారంలో పనిముట్టుని తిరగరాసింది. ఈసారి పూర్తిగా నోరు కట్టేసింది. ఏదైనా తప్పు జరిగితే ఆగి ఎర్ర అక్షరాల్లో చెప్తుంది. జరక్కపోతే ఒక్క ముక్క మాట్లాడదు. అన్నీ అయ్యాక "అయింది" అంటుంది, అంతే. మిగతా నాలుగు వేల వరసలూ లోపల ఒక లాగ్ ఫైల్లోకి పోతాయి. దాన్ని చదివేవాళ్లెవరూ లేరు.

"ఇప్పుడు మూగనోము పట్టింది," అన్నాడు ఫోర్‌మన్. షాపంతా సంతోషించింది.

అక్క నిశ్శబ్దాన్ని అంతగా ఎందుకు నమ్మిందో నాకు తెలుసు. మా ఇంట్లో నాన్న కొట్టే ముందు మాట్లాడేవాడు. మొదట గొణుగుడు, తర్వాత పేరు పెట్టి పిలవడం, ఆపైన అరుపులు, చివరికి బెల్టు. అమ్మ వీపు, అక్క వీపు, నా వీపు, ఆ వరసలోనే. చప్పుడు లేని పూటే మాకు మంచి పూట. పదిహేనో ఏట ఒక సాయంత్రం అక్క తలుపుకి అడ్డంగా పెట్టే కర్ర తీసి, ఆయన అరుపు మధ్యలో ఉండగానే మెడ మీద దించింది. ఎముక విరిగిన చప్పుడు నాకింకా చెవిలోనే ఉంది. ఆ తర్వాత మా ఇల్లు చాలా ఏళ్లు ప్రశాంతంగా ఉంది. చదువులోకి వచ్చాక కంప్యూటర్ల వాళ్ల పద్ధతి కూడా అదేనని ఆమెకి తెలిసింది. చెప్పడానికేమీ లేకపోతే ప్రోగ్రాము ఏమీ చెప్పకూడదు, మౌనమంటే అంతా సవ్యమని అర్థం. ఆమెకు అది ప్రాణానికి హాయిగా అనిపించి ఉంటుంది.

కానీ ప్రెస్సు షాపులో మౌనానికి అర్థం వేరు. అక్కడ మోటారు మోగుతుంటే మెషీను బతికి ఉన్నట్టు, దూరంగా ఉండాలి. మోత ఆగితే అది చచ్చినట్టు, చెయ్యి పెట్టొచ్చు. ముప్పై ఏళ్లుగా వాళ్ల చేతులు ఈ ఒక్క లెక్క మీదే బతికాయి. మామూలుగా అచ్చులో చెయ్యి పెట్టాలంటే కరెంటు తీసేసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంటారు. అప్‌డేటు నడుస్తుండగా కరెంటు తీస్తే కంప్యూటరు పాడవుతుంది కాబట్టి ఆ సమయంలో తాళం వెయ్యకూడదని ఆఫీసు ఉత్తర్వు. ఈ రెండు మౌనాలూ ఒకే చోట ఎదురుపడతాయని అక్కకీ తోచలేదు, బావకీ తోచలేదు.

అప్‌డేటు చివర్లో ఒక మెట్టు ఉంటుంది. పైనున్న దిమ్మ, నాలుగు ఎడ్లబండ్ల బరువుంటుంది, ఒక్కసారి పూర్తిగా కిందికి దిగి మళ్లీ పైకి వెళ్లి ఎక్కడ ఆగాలో ఆ గుర్తు సరిచూసుకుంటుంది. పాత పనిముట్టు "ఇప్పుడు దిమ్మ దిగుతుంది" అని చెప్పేది. ఎవరూ చదివేవాళ్లు కాదు గానీ, వరసలు కారుతున్నంతసేపూ మెషీను పనిలో ఉందని తెలిసేది. దూరంగా నిలబడేవాళ్లు. కొత్తది ఏమీ చెప్పదు.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు బావ పెద్ద ప్రెస్సుకి అప్‌డేటు మొదలుపెట్టాడు. స్క్రీను నల్లగా, ఖాళీగా ఉంది. రెండు నిమిషాలు, నాలుగు, ఆరు. "ఇది ఎక్కడో ఇరుక్కుపోయింది," అన్నాడు పక్కవాడితో. అచ్చులో ఒక రేకు ముక్క వంకరగా ఉండిపోయింది. ఊరికే నిలబడే బదులు దాన్ని తీద్దామని కుడిచెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టాడు. దిమ్మని నడిపే పంపు మోగడానికీ అది దిగడానికీ మధ్య రెప్పపాటు కూడా లేదు.

ఆ అరుపు గురించి రాయను. చెయ్యి నలిగింది నరికిన చప్పుడుతో కాదు, తడి గుడ్డ పిండిన చప్పుడుతో. దిమ్మ తన గుర్తు సరిచూసుకుని బుద్ధిగా పైకి వెళ్లిపోయింది. బావ చెయ్యి అచ్చు ఆకారంలో, తలుపు అంచులా చక్కగా వంగి ఉంది. నేనూ ఫోర్‌మనూ ఆయన్ని పట్టుకుని లాగాం. చెయ్యి రాలేదు, మనిషి వచ్చాడు. అప్పుడు స్క్రీను మీద ఆకుపచ్చ అక్షరాల్లో పడింది: అయింది.

మూడోరోజు బావ భార్య ఆఫీసుకి వచ్చింది. అక్క బల్ల ముందు నిలబడి, "నువ్వేనా?" అంది.

"నేనే అక్కయ్యా."

"మా ఆయన మూడు రోజుల్నించి ఒకటే మాట. అది ఏమీ చెప్పలేదే, ఏమీ చెప్పలేదే అని. ఏం, చెప్తే నోటి ముత్యాలు రాలిపోతాయా నీకు?"

అక్క నోరు తెరిచేలోపే ఆమె బల్ల మీది కీబోర్డు లాగి రెండు చేతులతో ముఖం మీద కొట్టింది. రెండో దెబ్బకి కనుబొమ చీలింది, మూడో దెబ్బకి కీబోర్డు రెండు ముక్కలైంది. మీటలు గది నిండా ఎగిరాయి. అక్క చేతులు బల్ల మీదే ఉన్నాయి. చెంపకి అడ్డం కూడా పెట్టుకోలేదు. నాన్నంతటివాడి ఎముక విరిచిన మనిషి అలా దెబ్బలు తినడం నేను గుమ్మంలోంచి చూశాను. తర్వాత ఫోర్‌మన్ చెల్లెల్ని వెనక్కి లాగితే, ఆమె పోతూ పోతూ అక్క జుట్టు పట్టుకుని ఒక గుప్పెడు పీక్కుపోయింది.

కనుబొమకి తొమ్మిది కుట్లు పడ్డాయి. కుట్లు వేసిన మర్నాడే మేనేజరు పిలిచాడు. నేను బేరింగుల జాబితా ఇవ్వడానికి వెళ్లి తలుపు దగ్గర ఉన్నాను.

"ఇదిగోనమ్మా, నివేదిక. సంతకం పెట్టు."

కాగితంలో ఉన్నది ఒక్కటే విషయం. మెషీను హెచ్చరించింది, ఆపరేటరు ఖాతరు చెయ్యలేదు.

"హెచ్చరించలేదు సార్."

"లాగ్ ఫైల్లో ఉంది కదా. పదకొండూ ఏడు నిమిషాలకి, 'ఇప్పుడు దిమ్మ దిగుతుంది' అని. నువ్వే రాశావు."

"ఫైల్లో ఉంది. ఆయన ముందున్న స్క్రీను మీద లేదు."

"చూడమ్మా. నువ్వు సంతకం పెడితే తప్పు అతనిది. పెట్టకపోతే నీది. మధ్యలో ఇంకో కుర్చీ లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "అతనికి పోయిన చెయ్యి ఎలాగూ రాదు. నీ చేతులు రెండూ ఉన్నాయిగా, కాపాడుకో."

అక్క కాగితం తీసుకుంది. తప్పు బావదని తేలితే ఆయన మీద నిర్లక్ష్యం కేసు పడుతుంది, ఏ షాపు గేటూ ఆయన్ని మళ్లీ రానివ్వదు, పైగా తన చెయ్యి తానే పోగొట్టుకున్న తెలివితక్కువవాడిగా జీవితాంతం మిగులుతాడు. ఇంటికొచ్చి ఆ కాగితం వంటింటి గట్టు మీద పెట్టి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

"సంతకం పెట్టెయ్ అక్కా," అన్నాను. నిజమే చెప్తున్నాను, అన్నాను.

చేతిలో ఉన్న గిన్నె నా తల పక్కనుంచి పోయి గోడకి తగిలింది. నాకు తగలలేదు కాబట్టి దాన్ని లెక్కలో వెయ్యలేదు.

పై నుంచి విచారణాధికారి వచ్చాడు, సన్నగా, కళ్లజోడు తుడుచుకుంటూ. మేనేజరు గదిలో టీ తాగుతుండగా అక్క వెళ్లి, "మాటలెందుకు సార్, షాపులోకి రండి. ఆ రోజు నడిచింది మళ్లీ నడిపిస్తాను," అంది.

పెద్ద ప్రెస్సు చుట్టూ జనం మూగారు. నేను స్టోర్సు మూసేసి వెళ్లాను. అక్క మేనేజరు వైపు చెయ్యి చాచింది.

"మీ హెల్మెట్ ఒకసారి ఇవ్వండి సార్."

ఆయన అయిష్టంగానే ఇచ్చాడు. తెల్లటి కొత్త హెల్మెట్. అక్క దాన్ని అచ్చు మధ్యలో పెట్టింది. బావ చెయ్యి పోయిన రోజు నడిచిన అప్‌డేటునే మళ్లీ మొదలుపెట్టింది. అధికారితో, "చెయ్యి పెట్టడం ఎప్పుడు ప్రమాదమో ఈ స్క్రీను చూసి మీరు చెప్పండి," అని పక్కన నిలబడింది. రేకులు లాగడానికి ప్రెస్సు దగ్గర ఒక ఇనప కడ్డీ ఉంటుంది, చివర కొక్కెంతో. దాన్ని ఊతకర్రలా పట్టుకుని నిలబడింది.

స్క్రీను నల్లగా ఉంది. అధికారి వాచీ చూసుకుంటున్నాడు. మూడు నిమిషాలు. ఐదు. ఎవరో దగ్గారు. ఏడో నిమిషం రాగానే అందరం ఊపిరి బిగబట్టాం. ఏమీ జరగలేదు. ఏడూ దాటింది, ఎనిమిది కూడా దాటింది. ఈసారి నెట్‌వర్కు నెమ్మదిగా ఉండి ఫైళ్లు ఆలస్యంగా వస్తున్నాయి. అది అక్కకి తెలుసు, మిగతా ఎవరికీ తెలియదు.

మేనేజరు నవ్వాడు. "చూశారా సార్? ఈవిడ రాసింది ఈవిడకే పనిచెయ్యదు. ఇరుక్కుపోయింది. ఇంక చాలు, నా హెల్మెట్ నాకిచ్చెయ్యండి."

అని, వంగి, చెయ్యి లోపలికి చాచాడు.

అక్క ఒక్క మాట కూడా అనలేదు. కడ్డీ పైకి లేచి ఆయన మణికట్టు మీద పడింది. ఎండు కొమ్మ విరిగినట్టు ఠక్కుమంది. ఆయన చెయ్యి వెనక్కి వచ్చింది, పంపు మోగింది, దిమ్మ దిగింది. హెల్మెట్ పగిలి కాగితంలా అయిపోయింది. తెల్లటి పెంకులు మా బూట్ల దాకా వచ్చాయి. దిమ్మ పైకి వెళ్లింది. అయింది, అంది స్క్రీను.

మేనేజరు నేల మీద దొర్లుతూ బూతులు తిడుతున్నాడు. అధికారి రెండడుగులు వెనక్కి వేశాడు. అక్క కడ్డీ నేల మీద పడేసి, స్క్రీను మీద ఆ లాగ్ ఫైలు తెరిచి ఆయనకి చూపించింది.

"ఈయన్ని కూడా మెషీను హెచ్చరించింది సార్. ఇదిగో, ఇక్కడుంది. మరి ఈయన కూడా ఖాతరు చెయ్యలేదని రాసుకుంటారా?"

అధికారి రాసుకోలేదు. నివేదికలో బావ మీద తప్పు లేదని వచ్చింది. హెచ్చరిక కనపడకుండా చేసిన పనిముట్టుదీ, తాళం వెయ్యొద్దన్న ఉత్తర్వుదీ తప్పన్నారు. పై అధికారిని కొట్టినందుకు అక్క ఉద్యోగం అదే రోజు ఊడింది. కొట్టుడు కేసు రెండేళ్లు నడిచి దానంతట అదే చచ్చిపోయింది. తమాషా ఏమిటంటే, ఆ పనిముట్టుని సరిచెయ్యగలిగిన మనిషి ఇంకెవరూ లేరు. సరిచేసేదాకా ఏ ప్రెస్సుకీ అప్‌డేటు పెట్టకూడదని ఉత్తర్వు. గేటు లోపలికి అక్కని రానివ్వరు. కాబట్టి ఫోర్‌మన్ ఒక పాత ప్రెస్సు కంప్యూటరు పీకి, తన స్కూటరు మీద పెట్టుకుని, తిన్నగా బావ ఇంటికి తెచ్చాడు. అక్కడే చెయ్యాలని అడిగింది అక్కే.

మేం వెళ్లేసరికి బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా కుడిచేతిని మడిచి పిన్నీసు పెట్టారు. నివేదిక సంగతి అక్క చెప్పింది. ఆయన అంతా విని, దగ్గరికి రమ్మన్నాడు. వెళ్లింది. ఎడంచేత్తో లాగి చెంప మీద కొట్టబోయాడు. సగం దెబ్బ చెవికి, సగం గాలికి తగిలింది.

"ఇంకోటి కొట్టండి బావా."

"వద్దులే. ఈ చేతికింకా గురి కుదరలేదు," అన్నాడు. "కూర్చో. ఏం తెచ్చావో చూపించు."

అప్పటికి ఆమె ఇరవై వరసలు రాసి తెచ్చింది. ఒక్కో పెద్ద మెట్టుకి ఒకటి. బావ వాటిలో ఒక్కోదాన్నీ పట్టుకుని పీకాడు.

"'ప్యాకేజీల మధ్య సంబంధాలు తేల్చబడుతున్నవి.' ఇదేంటి, సంబంధాలు కుదురుస్తోందా? తీసెయ్."

"అది మూడు నిమిషాలు పడుతుంది బావా. ఏమీ చెప్పకపోతే మళ్లీ ఇరుక్కుందనుకుంటారు."

"అయితే 'లెక్క చూసుకుంటున్నా, బతికే ఉన్నా' అను. పక్కన ఏదో ఒకటి కదులుతుండాలి, ఎన్నో వంతు అయిందో. మనిషి కునుకు తీసినా గురక వినపడాలి కదా."

గంటల తరబడి అరుచుకున్నారు. ఒకసారి బావ మంచినీళ్ల చెంబు విసిరాడు, ఒకసారి అక్క లేచి వెళ్లిపోతానంది. ఇరవై వరసలు పదకొండయ్యాయి. చివరి మెట్టు దగ్గర "దయచేసి దూరంగా ఉండగలరు" అని ఉంటే బావ మండిపడ్డాడు. "చెయ్యి పోయేటప్పుడు దయేంటి మరదలా? తిట్టు. తిట్టినట్టు చెప్పు." అక్క రాసింది: దిమ్మ దిగబోతోంది. చెయ్యి తియ్యి. ఇక్కడ మెషీను ఆగిపోవాలి, ఒక మనిషి ఎదురుగా నిలబడి రెండు మీటలు రెండు చేతులతో కలిపి నొక్కితే తప్ప కదలకూడదు. ఆ మాట అని అక్క బావ వైపు చూసింది. బావ తన మడిచిన చొక్కా వైపు చూసుకుని, "మంచిదే," అన్నాడు. "నాలాంటివాడు దాని జోలికి రాకుండా."

బావ భార్య అంతసేపూ గుమ్మంలో నిలబడే ఉంది. అక్క ఆమె వైపు తిరిగింది.

"అక్కయ్యా, మీరొచ్చి ఇక్కడ కూర్చోండి. నేను నడిపిస్తాను. మధ్యలో ఎప్పుడడిగినా, చెయ్యి పెట్టొచ్చో లేదో ఇది చూసి చెప్పండి."

"నిన్ను నమ్మను నేను."

"నమ్మకండి. స్క్రీను చూడండి."

ఆమె వచ్చి కూర్చుంది. ఒక్కో వరసా పడుతుంటే అక్క అడిగింది, పెట్టొచ్చా? పెట్టకూడదు, పనిలో ఉంది. ఇప్పుడు? కూడదు, ఇంకా సగమే అయింది. మూడు నిమిషాల మెట్టు దగ్గర అడిగితే, "లెక్క చూసుకుంటోందిట, కనపట్టంలా?" అని కసిరింది. చివరి వరస పడింది. మెషీను ఆగి ఎదురుచూస్తోంది. అక్క మళ్లీ అడిగింది.

ఆమె ఆ వరస పైకి చదివింది: దిమ్మ దిగబోతోంది. చెయ్యి తియ్యి. తర్వాత పిడికిలి ఎత్తి అక్క వీపు మీద గుద్దింది. ఒకసారి కాదు, చాలాసార్లు, ఏడుస్తూ.

"ఈ ముక్క అప్పుడే రాసి చావొచ్చుగా. అప్పుడే రాసి చావొచ్చుగా."

అక్క కదల్లేదు. దెబ్బలు పడుతుండగానే ముందుకు వంగి, ఆ వరసని ఇంకొంచెం పెద్ద అక్షరాల్లోకి మార్చింది.